అరగని టైరు

పోయిన శనివారం మా గల్లీ మూలనున్న పంక్చర్ దుకాణం అన్న నా సైకిలు వెనక చక్రాన్ని ఒకసారి తిప్పి, బొటనవేలితో నొక్కి చూసి, "టైరు అరిగింది బిడ్డా, మార్చాలె," అన్నాడు. ఈ మాట విని మామూలుగా ఎవరూ సంతోషించరు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక పక్కనున్న నీళ్ల తొట్టివైపు తిరిగాను. అన్న కూడా నవ్వాడు. నా సైకిలును పదేళ్లకు పైగా చూస్తున్న మనిషి ఆయన. నాతో ఈ మాట అనే రోజు వస్తుందని ఆయనా అనుకుని ఉండడు. ఇంటికి వచ్చి డైరీలో ఆ రోజు పేజీలో ఆ ఒక్క ముక్కే రాశాను. రాశాక, ముందు సంగతంతా చెప్పకపోతే ఇది ఎవరికీ అర్థం కాదు కదా అనిపించింది. బాపును అడిగితే, రాసుకొమ్మన్నాడు, తన పేరు మాత్రం రాయొద్దన్నాడు. అందుకని ఎవరి పేరూ రాయడం లేదు.

మా ఇల్లు శంషాబాద్ నుంచి మామిడిపల్లి పోయే దారిలో ఉంది. విమానాలు మా డాబా మీదుగా ఎంత కిందికి దిగుతాయంటే, అవి వచ్చినప్పుడు అమ్మ ప్రార్థన మధ్యలో ఆగి, చప్పుడు దాటిపోయాక వదిలిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటుంది. బాపు ఎయిర్‌పోర్టు టాక్సీ నడుపుతాడు. దేశంలో తిరిగే విమానానికి రెండు గంటల ముందు, దేశం దాటే విమానానికి మూడు గంటల ముందు చేరాలన్న నియమాన్ని ఆయన విమానాల దగ్గరే ఆపలేదు. పెళ్లిళ్లకు మేము రెండు గంటల ముందు వెళ్లి, కుర్చీలు దించేవాళ్లకు సాయం చేస్తాం. దవాఖానకు వెళ్తే, ఊడ్చే ఆమె వచ్చి తాళం తీసేదాకా మెట్ల మీద కూర్చుంటాం. చర్చికి పాస్టరుగారికంటే ముందు వెళ్తాం కాబట్టి ఆయనకు మా మీద గౌరవం, కొంచెం భయం కూడా. ఇది కాక కారు డిక్కీలో కొక్కెం ఉన్న చిన్న త్రాసు ఒకటి ఉంటుంది. పాసింజర్ల పెట్టెలు తూచడానికి కొన్నాడు. ఏ ఊరికి పోయినా మా సంచులన్నీ దానికి తగిలించి చూశాకే కారెక్కిస్తాడు. బరువెక్కువైతే మొదట పోయేవి నా పుస్తకాలే. అందుకని వాటిని దిండు గలీబులో పెట్టుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. దిండును ఎవరూ తూచరు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం బడి నుంచి బస్సెక్కాను. మా స్టాపులో ఆ రోజు దిగేవాళ్లు ఇంకెవరూ లేరు. "ఆపుండ్రి" అనాలి. ఒక్క మాట. అది గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంది. తరువాతి స్టాపులోనైనా ఎవరో ఒకరు దిగకపోతారా అని చూస్తూ చూస్తూ మామిడిపల్లి దాటి, పహాడీషరీఫ్ దాకా పోయాను. కండక్టరు నా పుస్తకం మీదున్న నంబరుకు ఫోను చేస్తే, అక్కడికి బాపు వచ్చి నన్ను కారులో ఎక్కించుకున్నాడు. ఆ రాత్రి డైరీలో "ఆపుండ్రి" అని ఒక పేజీ నిండా రాసుకున్నాను, చేతితో రాస్తే నోటికి వస్తుందేమోనని. మరుసటి ఆదివారం బాపు కారు డిక్కీలో సగం లోపల, సగం బయట తాళ్లతో కట్టిన నీలం రంగు లేడీస్ సైకిలొకటి దిగింది. ముందు బుట్ట, గుండ్రటి గంట, సీటు మీద తీయని ప్లాస్టిక్ కవరు. "ఇగ ఎవ్వర్ని అడిగే పని లేదు బిడ్డా. నీ ఇష్టం ఉన్నకాడ ఆగు," అన్నాడు. అంత మంచి కానుక నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

చిక్కల్లా ఒక్కటే, నాకు సైకిలు రాదు. నేర్చుకోవాలంటే పడాలి, పడాలంటే వీధిలో పడాలి. మా వీధిలో కుట్టుమిషను ముందు ఎప్పుడూ ఒక పిన్నిగారు, అరుగు మీద ఎప్పుడూ క్యారమ్స్ ఆడేవాళ్లు ఉంటారు. పడడానికి నాకు భయం లేదు. పడ్డాక అందరూ చుట్టూ చేరి దెబ్బ తాకిందా అని అడిగితే జవాబు చెప్పాలి కదా, అదీ భయం. అందుకని మొదటి రోజు సైకిలు స్టాండు తీసి గల్లీ మలుపు దాకా నడిపించుకుంటూ వెళ్లాను. మలుపు తిరిగాక కూడా నడిపించుకుంటూనే వెళ్లాను. బడి దాకా అలాగే వెళ్లి, అలాగే వచ్చాను. అలా మొదలైంది. తరువాత గ్రంథాలయానికి, కాలేజీ బస్సు ఎక్కే చోటికి, డిగ్రీ అయ్యాక సర్వీసు రోడ్డులో నేను బిల్లులు ఎక్కించే ఆఫీసుకు కూడా సైకిలు నాతో నడిచి వచ్చేది. నడిపించే సైకిలుకు ఉన్న సౌఖ్యాలు తొక్కేవాళ్లకు తెలియవు. ముందు బుట్టలో పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుకుంటూ పోవచ్చు. పైగా ఎవరూ మాట్లాడించరు. చూసి జాలిపడి "పంక్చరా?" అంటారు, తల ఊపితే చాలు.

ఈ తల ఊపుడు వల్ల ఒకాయనకు మనశ్శాంతి పోయింది. గల్లీ మూలన పంక్చర్ దుకాణం అన్నకు, మొన్న అతికిన ట్యూబు నేడు మళ్లీ పోయిందంటే తన పనిలో లోపం ఉందని దిగులు పట్టుకుంది. ఒకరోజు నన్ను ఆపి, అడగకుండానే ట్యూబు బయటికి తీసి, హవా కొట్టి, తొట్టిలో ముంచి, మూడుసార్లు తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు. కాసేపు ట్యూబును, కాసేపు నన్ను చూశాడు. "పంక్చర్ ట్యూబుల లేదు బిడ్డా," అని మాత్రం అని, మళ్లీ బిగించి ఇచ్చాడు. ఆ తరువాత ఎన్నడూ అడగలేదు. పైగా ఎవరైనా నా సైకిలు వైపు చూస్తే, "పంక్చర్ ఉంది, సాయంత్రం ఇస్త," అని నా తరఫున ఆయనే చెప్పేవాడు.

బాపుకు మాత్రం చెప్పలేకపోయాను. ఆయన ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక కారు కడిగి, ఆ గుడ్డతోనే నా సైకిలును తుడిచి, చైనుకు నూనె వేసి, డ్రైవరు కదా, టైరు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా తిప్పి చూసేవాడు. చూసి ఏమీ అనేవాడు కాదు. ఒకసారి నేను ముందు సీట్లో ఉండగా వెనక కూర్చున్న పాసింజరుతో, "మా బిడ్డ ఏడికి పోయినా సైకిల్ తీస్కొనే పోతది సార్. ఎవ్వర్ని ఏం అడగది," అన్నాడు. ఆయన గొంతులో ఉన్న గర్వం విని నేను కిటికీ అద్దం దించి బయటికి చూశాను. అప్పటికి ఏడేళ్లయింది. మొదటి వారంలో చెప్పి ఉంటే అది చిన్న సంగతి. ఏడేళ్లయ్యాక చెబితే, ఏడేళ్ల ఆదివారాలు ఆయన తుడిచిందంతా ఏమవుతుంది?

రెండేళ్ల కిందట క్రిస్మస్ అయిన వారంలో కోస్తాలో ఉన్న చిన్నమ్మ వాళ్లింటికి వెళ్లాం. చిన్నమ్మ భర్తను బాబాయి అంటాను. ఆయన బడిపంతులు. వాళ్ల ఊరి నుంచి సముద్రం ఒడ్డు వెంబడే ఒకప్పుడు ఉప్పు మోసే రైలు నడిచేదట. పట్టాలు ఎప్పుడో ఎత్తుకుపోయారు. కట్ట మిగిలింది, దాని మీద ఎర్ర కంకర పోశారు. ఒక పక్క సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం. ఇంకో పక్క ఉప్పు మళ్లు. ఆ దారిలో పాత స్టేషను దాకా సైకిళ్ల మీద వెళ్లి, అక్కడ ప్లాట్‌ఫారం మీద కూర్చుని టిఫిను తిందామని బాబాయి రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాడు. "చాలా సులువమ్మా. రైలు ఎత్తు ఎక్కలేదు కదా, అందుకని కట్టంతా బల్లపరుపుగా వేశారు. చంటిపిల్లలైనా తొక్కేస్తారు," అన్నాడు. అమ్మ వెంటనే, "మా పిల్లకేందయ్యా, దానికి సైకిలే పానం," అంది. నేను బాపువైపు చూడలేదు. చూసి ఉంటే, ఆయన కూడా పళ్లెంలోకే చూస్తున్నాడని తెలిసేది.

బాబాయి ఎనిమిదింటికి అన్నాడు కాబట్టి బాపు మమ్మల్ని ఆరింటికే కట్ట మొదట్లో దించాడు. చిన్నమ్మ ఇడ్లీ గిన్నెను ఒళ్లో పెట్టుకుని కారులోనే మళ్లీ నిద్రపోయింది. బాబాయి సైకిళ్లు తేవాలి, అవి తోటి పంతుళ్ల ఇళ్లల్లో ఉన్నాయి, ఆ పంతుళ్లు ఇంకా లేవలేదు. అంటే నాకు భయపడడానికి రెండు గంటలు దొరికాయి. మోకాలు నొప్పి అందామనుకున్నాను. అప్పటికే బాపు తన మోకాలును రెండుసార్లు పట్టుకుని చూసుకున్నాడు. ఇద్దరికీ ఒకేసారి నొప్పంటే బాగుండదని ఊరుకున్నాను. ఎనిమిదింటికి ట్రాలీ ఆటోలో మూడు సైకిళ్లు వచ్చాయి. మా ఇంట్లో ప్రార్థన చేయకుండా ఏ బండీ కదలదు. అమ్మ కొంగు తల మీద వేసుకుని, శంషాబాద్ నుంచి క్షేమంగా చేర్చినందుకు కారు నాలుగు చక్రాలకూ, స్టెప్నీకీ విడివిడిగా స్తోత్రం చెప్పి, తరువాత సైకిళ్ల దగ్గరికి వచ్చి, "చిన్ననాటి సంది సైకిల్ తొక్కి తొక్కి పెరిగిన మా బిడ్డను కాపాడు తండ్రీ," అంది. అంతవరకు నేను మనుషులకు మాత్రమే అబద్ధం చెప్పాను. ఇప్పుడు అది నా తరఫున పైదాకా వెళ్లిపోయింది. ఆమేన్ అనాలా వద్దా అని తేల్చుకునేలోపు ప్రార్థన అయిపోయింది.

అమ్మ, చిన్నమ్మ ఇడ్లీ గిన్నెతో ట్రాలీ ఆటోలోనే స్టేషనుకు వెళ్లిపోయారు. బాబాయి సైకిలెక్కి, ఆ రైలు ఏ కాలంలో వేశారు, ఎన్ని పెట్టెలుండేవి అని చెబుతూ బయలుదేరాడు. బడిపంతులు కదా, వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. పాఠం సాగుతూనే ఉంది, మనిషి చిన్నవాడై పోతూనే ఉన్నాడు. కట్ట మీద బాపు, నేను, చెరొక సైకిలు మిగిలాం. బాపు తన సైకిలు చుట్టూ తిరిగి, కొనబోయే కారును చూసినట్టు చూశాడు. హవా జర తక్కువుందన్నాడు. బ్రేకు జర గట్టిగుందన్నాడు. చివరికి, గాలి మంచిగొస్తుంది, జర దూరం నడుద్దామా అన్నాడు. నేను ఎంత తొందరగా సరే అన్నానంటే, నాకే సిగ్గేసింది.

అలా ఒక పాత కిలోమీటరు రాయి దాటాం. మడుల్లో తెల్లకొంగలు, దూరంగా తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు, తోటల వెనక సముద్రం చప్పుడు. రెండో రాయి కూడా వచ్చింది. బాపు సైకిలును కుడిపక్కన నిలబడి నడిపిస్తున్నాడు. చైను ఆ పక్కనే కదా, ప్యాంటుకు నల్లటి మరకలు. పెడలు తిరిగి తిరిగి వచ్చి ఆయన కాలి ముందు ఎముకకు తగులుతోంది. తగిలినప్పుడల్లా పళ్లు బిగపడుతున్నాడు. కాసేపు ఓర్చుకున్నాను. చూడలేక, "బాపూ, ఎడమ పక్కకు రా. పెడలును జర వెనక్కి తిప్పిపెట్టు, నడుం సీటుకు ఆనించు. అప్పుడు తగలది," అన్నాను.

బాపు ఆగి, నేను చెప్పినట్టు చేశాడు. సైకిలు నెమ్మదిగా, బుద్ధిగా ఆయన పక్కన నడిచింది. పది అడుగులు వేశాక, "తోసుడు మస్తు నేర్చినవ్ బిడ్డా," అన్నాడు.

సముద్రం వైపు చూస్తూ, నీకెప్పుడు తెలిసిందని అడిగాను.

"ముప్పై ఏండ్ల సంది టైర్లు జూస్తున్న. కొత్త టైరు మీద వెంట్రుకల లెక్క రబ్బరుంటది, మనిషి ఎక్కి తొక్కితె నెలకు ఊడిపోతది. నీ సైకిల్‌కి ఇంక అట్లనే ఉంది. ఎండకు పగిలింది గని, అరగలే."

ఆదివారం ఆదివారం టైరు మీద ఆయన అరచెయ్యి పెట్టడం గుర్తొచ్చింది. దాన్ని సైకిలు మీద ప్రేమ అనుకున్నాను ఇన్నాళ్లూ. మరి నన్ను ఎందుకు అడగలేదన్నాను. బాపు వంగి ప్యాంటు చూసుకున్నాడు. చైను మరకను వేలితో రుద్దుకున్నాడు.

"అడిగితె నేర్పుమంటవ్," అన్నాడు. "నాకు రాదు."

తరువాత ఆ కట్ట మీదే, నడుస్తూ, ఆయన చెప్పిన సంగతి ఇది. వాళ్లింట్లో సైకిలు ఉండేది కాదు. పదిహేడేళ్లకు ట్రాక్టరు మీద కూర్చున్నాడు, అక్కణ్నుంచి లారీ, లారీ నుంచి కారు. నాలుగు చక్రాల మీద దేశమంతా తిరిగిన మనిషి, రెండు చక్రాలు రావని ఎవరితో చెప్పుకుంటాడు? స్టాండులో తోటి డ్రైవర్లకు తెలిస్తే బతకనివ్వరు. అమ్మకు కూడా తెలియదు. సైకిలు కొన్న రోజున, నేనే అడిగితే ఏం చేయాలా అని పరేషాన్ అయ్యాడట. నేను అడగకుండా మలుపు దాకా నడిపించుకుంటూ వెళ్తే ఊపిరి పీల్చుకున్నాడట. మరి పాసింజర్లతో ఆ గొప్పలేంటని అడిగాను. ఆయన కొంచెం కోపంగా, "అబద్ధం చెప్పలే. సైకిల్ తీస్కొని పోతదన్న. తొక్కుతదని ఎన్నడన్న అన్ననా?" అన్నాడు. అవును, అనలేదు. అమ్మ ప్రార్థనకంటే ఆయన గొప్పలే నిజానికి దగ్గరగా ఉన్నాయి.

నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. నవ్వుతుండగానే తన సైకిలును రాయికి ఆనించి, నా సైకిలు క్యారియరు రెండు చేతులా పట్టుకుని, ఎక్కమన్నాడు. ఇక్కడ చూసేవాళ్లెవరున్నారు, కొంగలే కదా అన్నాడు. పదేళ్లుగా చెబుతున్న సాకుల్లో నాకు ఒక్కటీ గుర్తురాలేదు. ఎక్కాను. ప్రపంచంలో సైకిలు రాని మనిషి దగ్గర సైకిలు నేర్చుకున్నది నేనొక్కదాన్నే అయి ఉంటాను. ముందు అద్దం చూడమన్నాడు, అద్దం లేదు. గేరు మార్చినట్టు నెమ్మదిగా తొక్కమన్నాడు. ఎటు ఒరిగితే అటు హ్యాండిలు తిప్పమన్నాడు, అది మాత్రం ఎలా తెలిసిందో. రెండుసార్లు ఇద్దరం కలిసే పడ్డాం. మడిలో ఉప్పు పోగు చేస్తున్న ఒకావిడ నడుం నిటారుగా చేసి, చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇంతకీ మీ ఇద్దర్లో ఎవరు ఎవరికి నేర్పుతున్నారండీ?" అని కేకేసింది. అపరిచితులు అలా అడిగితే నేను నేలలోకి కుంగిపోయే మనిషిని. ఆ రోజు మాత్రం తెలిసీ తెలియని ధైర్యంతో చెయ్యి ఊపాను. ఊపిన చెయ్యి మళ్లీ హ్యాండిలు మీద పెట్టేసరికి సైకిలు ఒరగకుండా పోతోంది.

బాపు ఎక్కడ వదిలాడో నాకు తెలియదు. కంకర చప్పుడు మారింది, ఆయన బూట్ల చప్పుడు లేదు. రైలు ఎత్తు ఎక్కలేదు కదా, అందుకని కట్ట ఎక్కడా అడ్డు చెప్పలేదు. ఒక రాయి పక్కనుంచి పోయింది. ఇంకో రాయి పోయింది. ఎదురుగా పాత స్టేషను, ప్లాట్‌ఫారం మీద చాప, చాప మీద అమ్మా చిన్నమ్మా, వెనక ఎవరూ లేరని తెలిసినా పాఠం ఆపని బాబాయి. నాకు బ్రేకులు తెలుసు. పదేళ్లు వాలుల్లో వాటినే పట్టుకుని నడిచాను. కానీ ఆ క్షణంలో చేతులు నావి కావు. నాకు గుర్తొచ్చింది ఒకే ఒక్క మాట. పేజీ నిండా రాసుకున్న మాట.

"ఆపుండ్రి!"

కొంగలన్నీ ఒకేసారి లేచాయి. బాబాయి రైల్వే గేటులా రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు గానీ, దగ్గరికి వచ్చేసరికి ఆయనే తప్పుకున్నాడు. నేను ప్లాట్‌ఫారం దాటి తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలో ఆగాను. ఉప్పు కుప్ప మెత్తగా ఉంటుందని అనుకునేదాన్ని. ఉండదు. అమ్మ పరుగెత్తుకొచ్చి, దెబ్బల సంగతి అడగకుండా, "నీకు గింత గొంతుందని నాకు తెల్వదే," అంది. చుట్టూ అందరూ చేరి దెబ్బ తాకిందా అని అడిగారు. మోచేయి చూపించి, తాకింది, మండుతోంది అని చెప్పాను. చెప్పడం అంత కష్టమేమీ కాలేదు.

చాలాసేపటికి బాపు వచ్చాడు. ఎడమ పక్కన నిలబడి, నడుం సీటుకు ఆనించి, పెడలు వెనక్కి తిప్పిపెట్టి, దర్జాగా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. అందరూ ఏమైందని అడిగారు. ఆయన ఒకసారి నా వైపు చూసి, "పంక్చర్," అన్నాడు. బాబాయి కంగారుపడి, తోటి పంతులు సైకిలు కదా అని రెండు టైర్లూ నొక్కి చూశాడు. రెండూ రాయిలా ఉన్నాయి. ఆయన అయోమయంగా నా వైపు తిరిగాడు. పంక్చర్ దుకాణం అన్నను తలుచుకుని, వెనక చక్రమేనని, హవా మెల్లగా పోతుందని, తిరుగు దారిలో కూడా నడిపించుకుంటూ రావడమే మంచిదని నేనే చెప్పాను.

శంషాబాద్ వచ్చిన వారానికే ఆ పాత టైర్లు మార్చాం. పగుళ్లలో వేలు దూరేంతగా ఉన్నాయి, మీద వెంట్రుకలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. అప్పటి నుంచి ఆఫీసుకు తొక్కుకుంటూ వెళ్తున్నాను. బుట్టలో పుస్తకం చదివే సౌఖ్యం పోయింది. బాపు ఇంకా నేర్చుకోలేదు. చర్చి వెనక ఖాళీ స్థలంలో నేను నేర్పుతానంటే మోకాలంటాడు. ఆదివారాలు టైరు మీద చెయ్యి పెట్టడం మాత్రం మానలేదు. నిన్న పంక్చర్ దుకాణం అన్న అరిగిన టైరు తీసి పక్కన పడేయబోతే, అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. దాచిపెట్టిన పాత టైరు పక్కన దీన్ని ఆనించి చూశాను. రెండింటి మీదుగా ఏళ్లు పోయాయి. పాతది ఎవర్నీ మోయక ఎండకు పగిలిపోయింది, ఇది నన్ను మోసి మోసి అరిగిపోయింది.